పాత లాప్‌టాప్‌కి పుదీనా, దాల్చినచెక్క

శీర్షిక చూసి ఇదేదో బిరియానీ సంగతి అనుకున్నారేమో, ఈ వారం మనం పొయ్యి వెలిగించడం లేదు. పుదీనాని ఇంగ్లీషులో మింట్ అంటారు, దాల్చినచెక్కని సినమన్ అంటారు కదా. ఆ రెండూ కంప్యూటర్‌కి సంబంధించిన పేర్లు కూడాను. మన పేజీలో వాటి ప్రస్తావన ఎందుకంటారా? ఒక సోదరి రాసిన ఉత్తరం వల్ల.

ఆవిడ ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి ఆర్డర్ల మీద పంపుతారు. లెక్కలన్నీ లాప్‌టాప్‌లో రాసుకుంటారు. తొమ్మిదేళ్ల కిందట వాళ్లాయన కొన్న లాప్‌టాప్ అది. ఆయన పోయి మూడేళ్లయింది. ఆయన తీసిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. విండోస్ 10 కి ఇక అప్‌డేట్లు రావని తెర మీద కనిపిస్తే రిపేరు షాపుకి తీసుకెళ్లారట. "ఇది విండోస్ 11 కి పనికిరాదమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నారట వాళ్లు. "కొత్తది కొంటే రెండు సీజన్ల పచ్చళ్ల లాభం దానికే పోతుంది. దీన్ని పాత సామాన్లకి వెయ్యడానికి మనసొప్పడం లేదు. మా అబ్బాయి ఫోన్లో 'లినక్స్ వేసుకో అమ్మా' అంటాడు. అదేమిటో, నాకు చేతనవుతుందో లేదో చెప్పండి" అని అడిగారు.

చేతనవుతుంది. ఆవకాయ కొలతలు తప్పకుండా కలిపే చేతికి ఇది కష్టం కాదు. అయితే ఆవకాయకి లాగే దీనికీ ఒక వరస ఉంది. ఆ వరస తప్పితే మాత్రం నష్టపోతాం.

షాపువాళ్లు చెప్పింది సగం నిజం

విండోస్ 10 కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14 తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవాళ్ల కోసం 2026 అక్టోబరు 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఒకటి పెట్టారు. విండోస్ 11 కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ, కొత్త తరం ప్రాసెసరూ కావాలి. అందుకే 2017 కి ముందు కొన్న లాప్‌టాప్‌లు చాలామటుకు దానికి పనికిరావు.

అలాగని ఆ యంత్రం చెడిపోయినట్టు కాదు. కీబోర్డు పనిచేస్తోంది, తెర వెలుగుతోంది. అప్‌డేట్లు రాకపోవడమంటే తలుపుకున్న గడియ రోజురోజుకీ వదులవుతున్నట్టన్నమాట. ఇల్లు నిలబడే ఉంటుంది, కానీ బ్యాంకు పనులు ఆ ఇంట్లో కూర్చుని చెయ్యడం క్షేమం కాదు. గడియ వదులైందని ఇల్లే అమ్ముకుంటామా? గడియ మార్చుకుంటాం. లినక్స్ వేసుకోవడం అలాంటిదే.

ఒకే బియ్యం, ఇంటికో పులిహోర

లినక్స్ అనేది 1991 లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు మొదలుపెట్టినది. అప్పుడతనికి 21 ఏళ్లు. అతను రాసింది కెర్నల్ ఒక్కటే, అంటే గింజలోని పప్పులాంటి భాగం. దాని చుట్టూ కావలసిన సరంజామా చాలావరకు అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983 లో ప్రకటించిన గ్నూ అనే ప్రయత్నం నుంచి వచ్చింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు అన్నది దాని నియమం.

అలా పంచుకునేసరికి ఏమైంది? బియ్యం, చింతపండు, పోపు ఒకటే అయినా పులిహోర ఇంటికో రుచి ఉన్నట్టు, లినక్స్ కూడా రకరకాలుగా తయారైంది. ఒక్కో రకాన్నీ డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993 లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టినది డెబియన్. డెబ్రా అనే తన స్నేహితురాలి పేరూ, తన పేరూ కలిపి ఆ పేరు పెట్టాడు. తర్వాత వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. డెబియన్ ఆధారంగా 2004 లో ఉబుంటు వచ్చింది. దక్షిణాఫ్రికాకి చెందిన మార్క్ షటిల్‌వర్త్ దాన్ని ప్రారంభించాడు. తోటివారి పట్ల మానవత్వం అనే అర్థంలో ఆ దేశపు భాషల్లో వాడే మాట అది. ఉబుంటు ఆధారంగా 2006 లో మన పుదీనా, అంటే లినక్స్ మింట్, వచ్చింది.

మింట్‌లో మనకి నచ్చే ముచ్చట ఒకటుంది. దాని ప్రతి విడుదలకీ ఆడపిల్ల పేరే పెడతారు. మొదటిది అడా. తర్వాత ఎందరో వచ్చారు. 2012 లో మాయా, 2018 లో తారా, 2021 లో ఉమ కూడా ఉన్నారు! 2024 లో వచ్చిన 22 వ విడుదల పేరు విల్మా. ఆ 22 వరసకి 2029 దాకా అప్‌డేట్లు ఇస్తామని చెప్పారు.

ఇక తెర మీద కనిపించే మెనూలూ, బొమ్మలూ, కిటికీలూ అన్నీ కలిపి డెస్క్‌టాప్ అంటారు. విండోస్‌లో కంపెనీవారు ఇచ్చినదే డెస్క్‌టాప్. లినక్స్‌లో అది కూడా మనమే ఎంచుకోవచ్చు. దీని వెనక చిన్న తగాదా కథ ఉంది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ చాలామందికి అలవాటుగా ఉండేది. 2011 లో దాని మూడో వరసలో రూపమంతా మార్చేశారు. అలవాటైన వంటింటిని రాత్రికి రాత్రి ఎవరో సర్దేసినట్టయింది జనానికి. కొందరు గొణుక్కుని ఊరుకున్నారు. కొందరు ఊరుకోలేదు. పాత గ్నోమ్‌ని తీసుకుని మాటే పేరుతో కొనసాగించారు. మాటే అంటే దక్షిణ అమెరికాలో మన టీలాగా తాగే పానీయం. మింట్‌వాళ్లు పాత పద్ధతిలోనే కొత్తది ఒకటి తయారుచేసి సినమన్ అన్నారు. అదే మన దాల్చినచెక్క. ఇష్టం లేని ఏర్పాటుకి సర్దుకుపోనక్కరలేదని చెప్పడానికే ఈ కథంతా చెప్పాను.

చీర భుజం మీద వేసుకుని చూసినట్టు

చీరల కొట్టులో నచ్చిన చీరని భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటాం. నప్పకపోతే మడతపెట్టి ఇచ్చేస్తాం. లినక్స్‌కీ ఆ సదుపాయం ఉంది. పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, లాప్‌టాప్‌ని దానితో నడిపి చూడవచ్చు. ఇన్‌స్టాల్ చెయ్యనంతవరకు లోపలున్న విండోస్‌కీ, ఫొటోలకీ ఏమీ కాదు. ఆపేసి, పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ వెలిగిస్తే పాత విండోసే వస్తుంది.

పద్ధతి చెబుతాను, రాసుకోండి.

1. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది కావాలి.

2. లినక్స్ మింట్ వారి సొంత వెబ్‌సైటు నుంచి ఐఎస్‌ఓ అనే ఫైలు దించుకోండి. సుమారు 3 జీబీ ఉంటుంది. డబ్బు కట్టనక్కరలేదు.

3. ఆ ఫైలుని మామూలుగా కాపీ చేస్తే పనిచెయ్యదు. రూఫస్ గానీ, బలేనా ఎచర్ గానీ వాడి పెన్‌డ్రైవ్ మీద రాయించాలి. నాలుగైదు రకాలు ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని చూడాలంటే వెంటాయ్ అనే ఉచిత సాధనం ఉంది. అప్పుడు 16 లేదా 32 జీబీది తీసుకోండి.

4. లాప్‌టాప్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, వెలిగించిన వెంటనే బూట్ మెనూ మీట నొక్కండి. కొన్నిటికి ఎఫ్12, కొన్నిటికి ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్. వచ్చిన జాబితాలో పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి.

కాస్సేపటికి కొత్త తెర వస్తుంది. పెన్‌డ్రైవ్ మీద నడుస్తోంది కాబట్టి కొంచెం మెల్లగా ఉంటుంది, కంగారుపడకండి. రంగు బాగుందా లేదా అన్నది తర్వాత. ముందు ఇవి చూడండి: వైఫై అందుతోందా? పాట వినిపిస్తోందా? కెమెరాలో మొహం కనిపిస్తోందా? ప్రింటరు కాగితం ఇస్తోందా? మూత వేసి తెరిస్తే మళ్లీ మేలుకుంటోందా? తెలుగు అక్షరాలు సరిగా కనబడుతున్నాయా? ఈ ఆరూ సరిపోతే ఆ రకం మీ యంత్రానికి నప్పినట్టే.

ఏ రకం ఎవరికి?

విండోస్ అలవాటైన చేతికి మింట్ సినమన్ సులువు. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, అన్నీ తెలిసిన చోటే ఉంటాయి. మింట్‌కి కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలి, 4 ఉంటే హాయి. మీది పాతదై 4 జీబీనే ఉంటే మింట్‌లోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉన్న రకం చూడండి. ఆడంబరం తక్కువ, బరువూ తక్కువ. దాని గుర్తు ఎలుక బొమ్మ.

ఉబుంటులో ఉండేది గ్నోమ్. పట్టీ ఎడమ పక్కన నిలువుగా ఉంటుంది. ఫోను అలవాటైన పిల్లలు దీనికి తొందరగా అలవాటుపడతారు. కేడీఈ అనేది 1996 లో జర్మనీలో మొదలైంది. కుబుంటు తీసుకుంటే అది వస్తుంది. అందులో మార్చుకోలేనిది అంటూ దాదాపు లేదు. ముచ్చటపడేవాళ్లకి పండగే. కానీ సెట్టింగులు ఎన్నున్నాయంటే, చీరకి మ్యాచింగు వెతుకుతూ పెళ్లి ముహూర్తం దాటబెట్టినట్టవుతుంది.

మన భాషలోనూ ఈ ప్రయత్నాలు జరిగాయి. స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో లినక్స్ తెచ్చారు. సీ-డాక్ వారి బాస్ లినక్స్ తెలుగుతో సహా మన దేశ భాషల కోసం చేసినదే. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకునేది లినక్స్ మీదే. బడిపిల్లలు వాడుతున్నదానికి మనం భయపడడమేమిటి చెప్పండి!

రెండు మూడు రకాలు చూడండి, చాలు. ఒక్కోదానితో రెండేసి రోజులు మీ అసలు పని చేసి చూడండి. పచ్చళ్ల లెక్క తెరవండి, ఒక ఉత్తరం టైపు చెయ్యండి. అయితే పెన్‌డ్రైవ్ మీద నడిపినప్పుడు అందులో చేసుకున్న మార్పులు ఆపగానే పోతాయి, ఆ సంగతి గుర్తుంచుకోండి. కొందరు వారానికో రకం మారుస్తూ ఏడాదంతా గడిపేస్తారు. సరుకుల డబ్బాలు మార్చడమే పనైతే వంట ఎప్పుడు?

నేను చేసిన తప్పు

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇది నా చేతులు కాలాక తెలుసుకున్నది.

మొదటిసారి మా ఇంటి కంప్యూటర్‌లో లినక్స్ వేస్తున్నప్పుడు 'ఎరేజ్ డిస్క్' అన్న చోట గుర్తు పెట్టి, ధీమాగా ముందుకు వెళ్లాను. ఫొటోలన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి, చెరిగేది విండోస్ ఉన్న సీ డ్రైవ్ కదా అని నా లెక్క. మనలో చాలామంది అలాగే అనుకుంటాం. సీ పోయినా డీ భద్రం అని. కానీ చాలా లాప్‌టాప్‌లలో సీ, డీ అనేవి రెండు డిస్కులు కావు. ఒకే బీరువాకి రెండు అరలు. నేను బీరువానే ఖాళీ చేశాను. మా అమ్మ కాశీ వెళ్లినప్పటి ఫొటోలు అందులో ఉన్నాయి. ఆవిడ మళ్లీ కాశీ వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లేందుకు ఆవిడా లేదు. తప్పు కంప్యూటర్‌ది కాదు, నాది. తెర మీద రాసింది చదవకుండా నొక్కాను.

అందుకని ఆ సోదరికీ, మీ అందరికీ చెబుతున్నాను. ఇన్‌స్టాల్ మీద చెయ్యి వెయ్యకముందే ఫొటోలూ లెక్కలూ రెండు చోట్ల దాచండి. బయటి హార్డ్‌డిస్కు ఒకటి, పెన్‌డ్రైవ్ గానీ ఆన్‌లైన్ ఖాతా గానీ ఇంకొకటి. కాపీ అయిందని తృప్తిపడకండి. వేరే కంప్యూటర్‌లో పెట్టి, నాలుగు ఫొటోలు తెరిచి, కళ్లారా చూడండి. లాప్‌టాప్‌కి బిట్‌లాకర్ తాళం ఉందేమో కనుక్కోండి. ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి.

చోటు ఉంటే మొదటిసారి విండోస్‌ని తియ్యకుండా పక్కనే లినక్స్ వేసుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ ఎంపిక కనిపిస్తుంది. వెలిగించిన ప్రతిసారీ ఏది కావాలో అడుగుతుంది. మింట్‌కి కనీసం 20 జీబీ కావాలి, 100 జీబీ ఉంటే ఇరుకు లేకుండా ఉంటుంది. పక్కన వేసినా సరే, ముందు కాపీలు తీసుకోవడం మానకండి. అబ్బాయి వచ్చి వేసిపెడతానంటే వెయ్యనివ్వండి. కానీ మీరు పక్కన కూర్చుని, మీటలు మీ చేత్తోనే నొక్కండి. అతను ఊరెళ్లిపోయాక యంత్రంతో ఉండవలసింది మీరు కదా.

పోపుల పెట్టె చేతికందేలా

వేసుకున్నాక సర్దుకోవడం అసలు సరదా. ఆవాలు అటక మీదా, పనికిరాని డబ్బా పొయ్యి పక్కనా ఉంటే వంట సాగుతుందా? సినమన్‌లో ఇలా సర్దుకోండి.

• అక్షరాలు: సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఫాంట్ల దగ్గర టెక్స్ట్ స్కేలింగ్ 1.0 ఉంటుంది. దాన్ని 1.2 చేస్తే అక్షరాలు పెద్దవవుతాయి. కళ్లజోడు వెతుక్కునే బాధ తగ్గుతుంది.

• పోపుల పెట్టె: రోజూ వాడే నాలుగైదు ప్రోగ్రాములే కింది పట్టీలో పెట్టుకోండి. మెనూలో దాని పేరు మీద మౌస్ కుడిమీట నొక్కితే పట్టీలో చేర్చే మాట వస్తుంది.

• రంగులు: థీమ్స్‌లో లేతవీ ముదురువీ ఉన్నాయి. సినమన్ కొత్త విడుదలల్లో నైట్ లైట్ ఉంది. సాయంత్రం తెర వెలుగుని పసుపు ఛాయలోకి తెస్తుంది.

• తెలుగు: కీబోర్డు లేఅవుట్లలో భారతదేశం కింద తెలుగు ఉంటుంది. అది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటుంటే ఐబస్ అనే సాధనంతో పాటు ఎం17ఎన్ కూడా వేసుకోండి. పోతన, వేమన ఫాంట్లు కూడా ఉచితంగా దొరుకుతాయి.

• కాపలా: మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనేది ఉంది. మార్పులు మొదలుపెట్టే ముందు దానితో ఒక స్నాప్‌షాట్ తీసుకోండి. ఏదైనా తారుమారైతే పాత స్థితికి వెళ్లవచ్చు. కానీ అది కాపాడేది సిస్టమ్‌ని, మామూలుగా మీ ఫొటోలని కాదు సుమా!

రోజుకి ఒక్క మార్పే చెయ్యండి. ఏది ఎక్కడ మార్చారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మరీ చిక్కుపడితే పట్టీ మీద కుడిమీట నొక్కి, ట్రబుల్‌షూట్‌లో సెట్టింగులన్నీ మొదటికి తెచ్చే మాట నొక్కవచ్చు.

కుదరనివి కూడా చెప్పాలి కదా

విండోస్ కోసం చేసిన ప్రోగ్రాములు లినక్స్‌లో నేరుగా నడవవు. ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లూ, అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లూ, డిజిటల్ సంతకంతో పని ఉన్నవాళ్లూ విండోస్‌ని వదిలెయ్యకండి. వర్డు, ఎక్సెల్ ఫైళ్లని లిబ్రే ఆఫీస్ తెరుస్తుంది. మామూలు లెక్కల పట్టికలకి ఇబ్బంది ఉండదు. అలంకారాలు ఎక్కువున్న ఫైళ్లు కాస్త అటూ ఇటూ కదలవచ్చు. కొన్ని ప్రింటర్లు మొండికేస్తాయి. అందుకే పెన్‌డ్రైవ్ మీద ఉండగానే చూడమన్నాను. బ్యాంకు పనులూ, వీడియోలూ ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో మామూలుగానే సాగుతాయి.

ఇదీ సంగతి. ఆ సోదరికి నా సలహా: ఈ వారం ఇన్‌స్టాల్ జోలికి పోకండి. ఫొటోలు రెండు చోట్ల దాచండి, తెరిచి చూసుకోండి. వచ్చేవారం పెన్‌డ్రైవ్ మీద మింట్ నడిపి, మీ పచ్చళ్ల లెక్క తెరవండి. అది తెరుచుకుని, ప్రింటరు కాగితం ఇస్తే, కొత్త లాప్‌టాప్ డబ్బు మీ దగ్గరే ఉంటుంది. మామిడికాయల సీజనుకి నూనె డబ్బాలకి పనికొస్తుంది.

అన్నట్టు, సినమన్‌లో డెస్క్‌లెట్స్ అని ఉన్నాయి. వాటిలో ఒకటి ఫొటో ఫ్రేము. ఫొటోలున్న ఫోల్డరు చూపిస్తే వాటిని తెర మీద ఒకటొకటిగా మారుస్తూ ఉంటుంది. మీవారు తీసిన ఫొటోలు అందులో పెట్టుకోండి. లెక్కలు రాసుకుంటున్నంతసేపూ కనబడుతూ ఉంటాయి.